బీవర్ కట్టిన మడుగులో సీసా ముంచితే: ప్రాజెక్టు డైరీ

మార్చి చివరి వారం

సియాటిల్‌కి తూర్పు వైపు, కాలనీ ఇళ్ళకీ అడవికీ మధ్య పారే చిన్న వాగు. పేరు రాయడం లేదు. రాస్తే వచ్చే వారాంతానికి జనం కెమెరాలు పట్టుకుని దిగిపోతారు. మామూలు రోజుల్లో ఎగిరి దాటేయొచ్చు, అంత వాగు. కిందటి ఏడాది ఆకులు రాలే రోజుల్లో బీవర్ల (నీళ్ళలో బతుకుతూ చెట్లు కొరికే పెద్ద ఎలుక జాతి జంతువుల) జంట ఒకటి వచ్చి దానికి అడ్డంగా కట్ట వేసింది. ఆల్డర్ కొమ్మలు, విల్లో కొమ్మలు, బురద, రాళ్ళు, ఎక్కణ్ణుంచి తెచ్చాయో ఒక ట్రాఫిక్ కోన్ కూడా. కట్ట నడుమెత్తు ఉంది. దాని వెనక దాదాపు పావెకరం మేర నీళ్ళు నిలిచాయి.

నా ప్రశ్న ఒకటే. ఈ కట్ట దాటి కిందికి దిగే నీళ్ళు, పైనుంచి వచ్చిన నీళ్ళకంటే మెరుగ్గా ఉన్నాయా, పాడయ్యాయా? వాగు పక్కన ఉండేవాళ్ళలో రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీ "బీవర్ మడుగంటే ప్రకృతి పెట్టిన ఫిల్టరు" అంటుంది. రెండోది "ఎండాకాలం ఓసారి వచ్చి వాసన చూడండి" అంటుంది. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషిని. ఎవరైనా గట్టిగా ఒక మాట అంటే పరీక్ష పెట్టకుండా ఊరుకోలేను.

ముందు అనుమతి. వాషింగ్టన్ రాష్ట్రంలో బీవర్ కట్టను కదిలించాలంటే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పర్మిట్ కావాలి. నేను కట్ట జోలికి పోను, నీళ్ళు పట్టుకుంటాను, సెన్సర్లు పెడతాను, అంతే. అయినా ఆ స్థలం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్ళకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా సరే అనిపించుకున్నా.

కొలిచే చోట్లు మూడు. మడుగు మొదలవక ముందు వాగు పారుతున్న చోటు "ఎగువ". కట్టకి దగ్గరగా, లోతున్న చోటు "మడుగు". అక్కడ పైనీళ్ళూ అడుగునీళ్ళూ విడివిడిగా. కట్ట దిగి నీళ్ళన్నీ మళ్ళీ ఒక పాయగా కలిశాక "దిగువ". మూడు చోట్లా ఉష్ణోగ్రత సెన్సర్లు, ఆ అంకెల్ని నమోదు చేసే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, బ్యాటరీ, గాలి చొరబడని వంటింటి డబ్బా. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌కి (డీవో) అరువు తెచ్చిన ఆప్టికల్ మీటరు, దాన్ని సరిచూడటానికి పాత పద్ధతి వింక్లర్ కిట్. ఇవి కాక పీహెచ్ మీటరు, నీళ్ళలో లవణాలు ఎంత కరిగాయో చెప్పే విద్యుత్ వాహకత మీటరు, నైట్రేట్‌కీ అమ్మోనియాకీ ఫాస్ఫేట్‌కీ చిన్న కలరిమీటరు. మోచేతుల దాకా గ్లవ్స్ తప్పనిసరి. ఈ నీళ్ళలో జియార్డియా అనే పరాన్నజీవి ఉండొచ్చు, అది పట్టుకుంటే కడుపు వారాల తరబడి మన మాట వినదు.

ఈ డైరీలో నైట్రేట్ అంకెలన్నీ "నైట్రోజన్‌గా" రాస్తున్నాను. అమెరికాలో తాగునీటి పరిమితి లీటరుకి 10 మిల్లీగ్రాములు అంటే అది నైట్రోజన్ లెక్క. మన దేశంలో 45 అంటారు, అది నైట్రేట్ లెక్క. రెండూ దాదాపు ఒకటే, 4.43తో గుణిస్తే సరిపోతుంది. ఇది చూసుకోకుండా అక్కడి రిపోర్టునీ ఇక్కడి రిపోర్టునీ పక్కపక్కన పెట్టి గుండెలు బాదుకునేవాళ్ళని చూశాను.

ఏప్రిల్

వాన, వాన, వాన. నీళ్ళు 8 డిగ్రీల దగ్గరున్నాయి, కట్ట మీంచి అలుగు పారుతోంది. ఎగువ నైట్రేట్ లీటరుకి 0.9 మిల్లీగ్రాములు, దిగువ 0.9. ఆక్సిజన్ రెండు చోట్లా 11 పైనే. పీహెచ్ 7.1, 7.0. మా టెస్టింగ్ భాషలో చెప్పాలంటే, కట్ట ఉన్నా లేనట్టే ఫలితం.

నిరుత్సాహపడాల్సిందేమీ లేదు. నైట్రేట్‌ని తినేది బురదలోని బ్యాక్టీరియా. చల్లటి నీళ్ళలో వాటి పని మందగిస్తుంది. పైగా ఇంత ప్రవాహంలో నీళ్ళు మడుగులో నిలబడవు, ఇలా వచ్చి అలా పోతాయి. బురదకీ నీళ్ళకీ మాట్లాడుకునే తీరిక లేదు.

అసలు పైనంతా అడవే కదా, నైట్రేట్ ఎక్కణ్ణుంచి వస్తోందని ఆఫీసులో ఒకరు అడిగారు. కొంత కాలనీ లాన్ల ఎరువు. కానీ ఇక్కడి వాగుల్లో అసలు సరఫరాదారు రెడ్ ఆల్డర్ చెట్టు. దాని వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది, గాలిలో నైట్రోజన్‌ని పట్టి చెట్టుకిస్తుంది. మన కంది, మినుము వేళ్ళలో రైజోబియం చేసే పనే. ఆల్డర్ ఆకు రాలి కుళ్ళితే ఆ నైట్రోజన్ వానతో వాగులోకి దిగుతుంది. అందుకే మనిషి అడుగు పెట్టని ఆల్డర్ లోయల్లో కూడా నైట్రేట్ కనిపిస్తుంది. బీవర్ ఆ ఆల్డర్‌నే కొరికి ఆ నీళ్ళకే కట్ట వేస్తోంది.

మే

ఒక గట్టి వాన తర్వాత, నీళ్ళు ఎంత మసకగా ఉన్నాయో చెప్పే టర్బిడిటీ ట్యూబు పట్టుకెళ్ళా. పొడవాటి పారదర్శక గొట్టం, అడుగున నలుపు తెలుపు గుర్తు. ఆ గుర్తు కనిపించేదాకా నీళ్ళు తగ్గిస్తూ పోవాలి. ఎగువ నీళ్ళు పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి, గొట్టంలో నీళ్ళు జానెడు కంటే తగ్గేదాకా గుర్తు కనపడలేదు. దిగువ నీళ్ళు నిండు గొట్టంలోనూ చూపిస్తున్నాయి. ఇందులో వాదనకి చోటే లేదు: ఒండ్రు మడుగులో దిగిపోతోంది.

ఒండ్రుతో పాటు దానికి అంటుకుని వచ్చే ఫాస్ఫరస్ కూడా దిగుతుంది. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో 2011లో కంచె వేసిన చోట ఒక బీవర్ల జంటని వదిలారు. అవి 13 మడుగులు కట్టాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ మడుగుల అడుగున పేరుకున్నది లెక్క కడితే 100 టన్నులకు పైగా ఒండ్రు తేలింది. అందులో ఎక్కువ భాగం పైనున్న పచ్చిక పొలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టే. 16 టన్నుల కార్బన్, దాదాపు ఒక టన్ను నైట్రోజన్ అందులోనే ఉన్నాయి. వాళ్ళ కొలతల్లో దిగువకి వచ్చేసరికి నైట్రోజన్, ఫాస్ఫేట్ తగ్గాయి, కరిగిన సేంద్రియ కార్బన్ మాత్రం పెరిగింది.

ఆ చివరి ముక్క నాకూ తగిలింది. మా దిగువ నీళ్ళు తేటగా ఉన్నా లేత గోధుమ రంగు. ఆకులూ కొమ్మలూ నానిన రంగది, వడకట్టినా పోదు. కలరిమీటరుకి ఇది చికాకు. అది రంగు చూసే లెక్క చెప్తుంది కాబట్టి, రసాయనం కలపని నీళ్ళతోనే ప్రతిసారీ సున్నా పెట్టుకోవాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ సంగతి చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

జూన్

దిగువ ఉష్ణోగ్రత గ్రాఫు ఉన్నట్టుండి చదునైపోయింది. అంతవరకు పగలు పైకి, రాత్రి కిందికి చక్కగా ఊగిన గీత, ఒక రాత్రి నుంచి గీత గీసినట్టు నిలబడింది. సెన్సర్ పోయిందనుకుని వెళ్ళి చూస్తే బతికే ఉంది, కాకపోతే దాని మీద కొత్తగా ఒక చిన్న కట్ట లేచింది. బీవర్లు పాత కట్టకి కాస్త దిగువన రెండోది మొదలుపెట్టాయి. మొదటి తట్టెడు బురద నా సెన్సర్ మీదే.

పారే నీళ్ళ చప్పుడు వినపడితే చాలు, బీవర్‌కి చెయ్యి ఊరుకోదు. 1960లలో స్వీడన్‌లో లార్స్ విల్సన్ అనే జంతు పరిశోధకుడు స్పీకర్లో నీటి చప్పుడు వినిపిస్తే బీవర్లు ఆ స్పీకర్ వైపే కర్రలు మోసుకొచ్చాయి. నా సెన్సర్ ఒక రాయికి కట్టి ఉంది, ఆ రాయి దగ్గర నీళ్ళు గలగలమనేవి. ఇప్పుడు దాన్ని చప్పుడు లేని చోటికి, ఇంకాస్త కిందికి మార్చా. పూడిన సెన్సర్ని మాత్రం తియ్యలేదు. బురద లోపలి ఉష్ణోగ్రత ఉచితంగా వస్తుంటే ఎవరు వద్దంటారు.

జులై రెండో వారం

వాన ఆగింది. ఇక్కడ ఎండాకాలం అంటే దాదాపు చుక్క పడదు. వాగు సన్నబడింది, అలుగు ఆగింది, నీళ్ళు కర్రల సందుల్లోంచి కారుతున్నాయంతే. మడుగు పైనీళ్ళు 21 డిగ్రీలు. మధ్యాహ్నం ఆక్సిజన్ కొలిస్తే లీటరుకి 12 మిల్లీగ్రాములు. ఆ ఉష్ణోగ్రతలో గాలి నుంచి నీళ్ళు పట్టుకోగలిగేది 9 దగ్గర. మిగతాదంతా నాచు ఊదుతోంది. ఫిల్టరు పార్టీ వాళ్ళకి ఈ అంకె చూపిస్తే పండగ చేసుకున్నారు.

ఆదివారం కైకలూరు బాబాయితో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పా. ఆయన చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచుతాడు.

"పన్నెండా? ఎన్నింటికి చూశావమ్మా?"

"మధ్యాహ్నం మూడింటికి బాబాయ్."

"మధ్యాహ్నం డీవో నాకెందుకే, తెల్లారగట్ల చూసి చెప్పు. నాచు పగలు ఎంత ఇస్తుందో రాత్రి అంత లాక్కుంటది. మబ్బు పట్టిన రోజు తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఏరేటర్లు ఊరికే తిప్పుతున్నామా మేం? ఇంకో మాట, అడుగునీళ్ళు కూడా తియ్యి. పైనీళ్ళు చూసి మురిసిపోకు."

తెల్లవారుజామున నాలుగున్నరకి హెడ్‌లైట్ పెట్టుకుని వెళ్ళా. పైనీళ్ళలో ఆక్సిజన్ 3.4. మధ్యాహ్నం మూడింటికీ దీనికీ మధ్య తేడా పదమూడున్నర గంటలంతే. దిగువ కొలిస్తే 7.2. కట్ట కర్రల మధ్య నీళ్ళు విరిగి, జారి, గాలి కలుపుకుని కిందికొస్తాయి. కాబట్టి మడుగులో రాత్రంతా ఏం జరిగినా దిగువ సీసాకి తెలియదు. దిగువ మాత్రమే కొలిచి "కట్ట వల్ల నష్టం లేదు" అని రాసేవాళ్ళు మడుగులో బతికే కోహో సాల్మన్ చేప పిల్లల్ని అడగలేదన్నమాట. ఆ పిల్లలకి ఈ మడుగులు ఇష్టమే, ముఖ్యంగా చలికాలంలో, అది వేరే సంగతి. వేసవి తెల్లవారుజామున మాత్రం ఎగువ వాగు మడుగులోకి దిగే మూల దగ్గరే గుంపుగా ఉన్నాయి. ఊపిరి ఎక్కడుందో వాటికి మీటరు లేకుండానే తెలుసు.

జులై చివరి వారం

అడుగునీళ్ళ కోసం పొడవాటి ట్యూబుకి పెద్ద సిరంజి తగిలించా. బుడగ రాకుండా మెల్లగా లాగాలి. గాలి తగిలితే వింక్లర్ పరీక్షకి అర్థం ఉండదు.

1888లో లయోష్ వింక్లర్ కనిపెట్టిన పద్ధతి ఇది. మీటరు చూపించే అంకె కంటే దీన్ని చేతుల్లో చూడటమే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. సీసా నిండా నీళ్ళు. మొదట మాంగనీస్ సల్ఫేట్ చుక్కలు, తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ చుక్కలు. మూత పెట్టి తిరగేస్తే సీసాలో మబ్బు విచ్చుకుంటుంది. ఎగువ నీళ్ళ సీసాలో ఆ మబ్బు క్షణాల్లో ముదురు గోధుమ రంగుకి మారి, తునకలు తునకలుగా అడుగుకి దిగింది. మాంగనీస్‌ని ఆక్సిజన్ పట్టుకుందన్నమాట. పైనీళ్ళ సీసాలో లేత గోధుమ. అడుగునీళ్ళ సీసా తిరగేశా. తెలుపు. మళ్ళీ తిరగేశా. తెలుపే. సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని చూశా, ఎక్కడా గోధుమ జాడ లేదు. అసలు ఆక్సిజన్ లేని నీళ్ళలో మాంగనీస్ హైడ్రాక్సైడ్ అలా తెల్లగానే ఉండిపోతుంది. మిగతా సీసాల్లో ఆమ్లం పోస్తే మబ్బు కరిగి పసుపు వచ్చింది, గంజి చుక్క వేస్తే నీలం, థయోసల్ఫేట్ చుక్కలు లెక్కపెడుతూ పోతే నీలం పోయింది. అడుగునీళ్ళ సీసాలో లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

ఆక్సిజన్ అయిపోతే బురదలోని సూక్ష్మజీవులు ఊపిరాడక చావవు. వేరే వాటితో ఊపిరి తీసుకుంటాయి, అదీ ఒక వరసలో. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీస్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్, అవన్నీ అయిపోతే మీథేన్ తయారీ. నైట్రేట్‌ని వాడుకుంటే చివరికి నైట్రోజన్ వాయువు బుడగలై గాలిలో కలిసిపోతుంది, కాస్త నైట్రస్ ఆక్సైడ్ కూడా తప్పించుకుంటుంది. సల్ఫేట్ దాకా వెళ్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వాసన పార్టీ అబద్ధం చెప్పలేదు. చెప్పిందల్లా నిచ్చెనలో నాలుగో మెట్టు సంగతి.

ఈ దుర్వాసనకి ఇంకో వైపు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో ఆమ్ల వర్షాల రోజుల్లో, బీవర్ మడుగుల్లోకి వచ్చిన నైట్రేట్, సల్ఫేట్ ఇలా ఖర్చయిపోవడం వల్ల కిందికి వెళ్ళే నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పెరిగిందని 1990లలో తేల్చారు. ఆమ్లం పడ్డ ప్రాంతంలో అది వరం. ఇక్కడ ఆ అవసరం లేదు కాబట్టి మాకు వాసనే మిగిలింది.

ఆగస్టు మొదటి వారం

కట్ట పాదం దగ్గర కుడి ఒడ్డు నుంచి నారింజ రంగు బురద ఊరుతోంది. దాని మీద నూనె తేలినట్టు రంగురంగుల పొర. కుక్కని తిప్పుతున్న పెద్దమనిషి ఒకాయన ఆగి, ఎవరో పెట్రోలు పోశారని ఫిర్యాదు చేద్దామన్నాడు. పుల్ల తీసి పొరని గీశా. పగిలిన గాజు పెంకుల్లా ముక్కలైంది, మళ్ళీ అతుక్కోలేదు. పెట్రోలైతే పుల్ల తియ్యగానే మళ్ళీ కలిసిపోతుంది. ఇది ఇనుము బ్యాక్టీరియా పని. మట్టిలో ఊపిరికి వాడేసిన ఇనుము నీళ్ళలో కరిగి వచ్చి, బయట గాలి తగలగానే తుప్పుగా మారుతోంది.

అంటే ఈ నీళ్ళు కట్ట మీంచి రాలేదు, కట్ట సందుల్లోంచీ రాలేదు. మడుగు నుంచి ఒడ్డు మట్టిలోకి దిగి, కట్టని చుట్టి, ఇక్కడ తేలాయి. బాబాయికి ఫొటో పంపితే ఒకటే మాట: "గట్టు బయట చెలమ తీసి చూడు."

ఆగస్టు మూడో వారం

చెలమకి బదులు పీవీసీ గొట్టాలు దించాను. బొటనవేలు లావు, కింది చివర చిన్న చిన్న రంధ్రాలు, మీద సన్నటి జాలీ గుడ్డ. కుడి ఒడ్డున మడుగు అంచు నుంచి ఊట దాకా ఒక వరసలో. అనుమతి ఇచ్చినవాళ్ళకి మళ్ళీ మెయిల్ పెట్టి, ఎంత లోతు దించుతానో చెప్పి, సరే అన్నాకే. మడుగు దగ్గరి గొట్టంలో నీటిమట్టం ఎక్కువ, దిగువకి వెళ్ళేకొద్దీ తక్కువ. వాలు కళ్ళకి కనిపిస్తోంది: మడుగు ఒడ్డులోకి నీళ్ళని నెడుతోంది.

ఈ గొట్టాల్లోంచి లాగిన నీళ్ళు సీజన్ మొత్తంలో నేను చూసిన అన్నింటికంటే ఆసక్తిగా ఉన్నాయి. ఎగువ వాగులో నైట్రేట్ 0.7. మడుగు పైనీళ్ళలో 0.4. మొదటి గొట్టంలో 0.1. తర్వాతి గొట్టాల్లో నా కలరిమీటరు గుర్తించలేనంత తక్కువ. ఇనుము మాత్రం గొట్టం గొట్టానికీ పెరిగింది. సిరంజిలో తేటగా ఉన్న నీళ్ళు కాసేపట్లో నారింజ రంగుకి తిరుగుతున్నాయి.

నైట్రేట్ నిజంగా పోయిందా, లేక భూమిలోని వేరే నీళ్ళు కలిసి పలచబడిందా? దీనికి క్లోరైడ్ సాక్షి. క్లోరైడ్‌ని బ్యాక్టీరియా తినదు, మట్టి పెద్దగా పట్టుకోదు. వేరే నీళ్ళు కలిస్తే రెండూ కలిసి తగ్గాలి. ల్యాబుకి పంపిన సీసాల్లో క్లోరైడ్ ఎగువ 6, గొట్టాల్లో 6 నుంచి 7. నైట్రేట్ ఒక్కటే మాయమైంది. పలచబడటం కాదు, పోయింది.

ఇదే బొమ్మ కొలరాడోలో ఎంతో పెద్ద స్థాయిలో గీశారు. క్రెస్టెడ్ బ్యూట్ దగ్గర ఈస్ట్ రివర్ ఒడ్డున స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కరువు వల్ల నీటి నాణ్యత ఎలా మారుతుందో చూడటానికి గొట్టాలు దించుకుని కూర్చుంటే, 2018 ఎండాకాలంలో బీవర్లు వచ్చి సరిగ్గా అక్కడే కట్ట వేశాయి. అలాంటి అదృష్టం ఎవరికి పడుతుంది! ఒడ్డు మట్టిలోకి నీటిని నెట్టే వాలు, వాతావరణపు ఎగుడుదిగుళ్ళ వల్ల వచ్చే మార్పుతో పోలిస్తే 10 రెట్లకు పైగా పెరిగింది. నైట్రేట్ తొలగింపు దాదాపు 44 శాతం పెరిగింది. 2022లో అచ్చయిన ఆ పేపరు సారాంశం, అక్కడి నీటికి కరువు కంటే బీవరే పెద్ద సంఘటన అని. రోడ్ ఐలాండ్‌లో మడుగుల బురదని ల్యాబులో పరీక్షించినవాళ్ళు, అక్కడి పరీవాహకంలో నైట్రేట్ భారంలో 5 నుంచి 45 శాతం దాకా బీవర్ మడుగులు తీసెయ్యగలవని 2015లో అంచనా వేశారు. ఐదుకీ నలభై ఐదుకీ మధ్య ఎంత దూరమో చూడండి. మడుగు ఎంత పెద్దది, నీళ్ళు ఎంతసేపు ఆగుతాయి, వచ్చే నైట్రేట్ ఎంత, అన్నీ కలిపితే అంత తేడా వస్తుంది.

ఉష్ణోగ్రతలోనూ ఈ దొడ్డిదారి నీళ్ళే ఆశ్చర్యపరిచాయి. పైనీళ్ళు 22 డిగ్రీలు, ఊట 14. ఇక్కడ సాల్మన్ వాగులకి వేసవి పరిమితి చోటుని బట్టి 16 లేదా 17.5 డిగ్రీలు. మడుగుని చూసి "బీవర్ నీళ్ళు వేడెక్కిస్తోంది" అనొచ్చు, ఊటని చూసి "చల్లబరుస్తోంది" అనొచ్చు. ఈ రాష్ట్రంలోనే ఉన్న స్కైకొమిష్ నది పరీవాహకంలో కాలనీల నుంచి పట్టుకెళ్ళి వదిలిన బీవర్లు కట్టిన చోట్ల, వేసవిలో నీళ్ళు తగ్గిన రోజుల్లో దిగువ సగటున 2.3 డిగ్రీలు చల్లబడిందని 2022లో రాశారు. మా వాగులో దిగువ సగటు మాత్రం ఎగువ కంటే కాస్త వేడే. లోతు లేని మడుగు, నీడనిచ్చే చెట్లన్నీ కొరికేసిన మడుగు. మా జంట ఇల్లు కట్టుకుంది కానీ పందిరి పీకేసింది.

సెప్టెంబరు

అమ్మోనియా. దీన్ని దాచిపెట్టి ఫిల్టరు కథ చెప్పడం న్యాయం కాదు. అడుగునీళ్ళలో లీటరుకి 0.6 మిల్లీగ్రాములు, ఎగువ దాదాపు సున్నా. బురదలో కుళ్ళేది అమ్మోనియంగా బయటికి వస్తుంది, ఆక్సిజన్ లేదు కాబట్టి నైట్రేట్‌గా మారదు. ఫాస్ఫేట్ కూడా అంతే. వసంతంలో ఒండ్రుతో దిగి ఇనుపతుప్పుకి అతుక్కున్నది, ఇనుము కరగగానే విడిపోతుంది. మేలో మడుగు దాచుకున్న దాంట్లో కొంత ఆగస్టులో తిరిగి ఇచ్చేస్తోంది. దిగువ అమ్మోనియా 0.1 దగ్గరే ఉంది, ఈ పీహెచ్‌లో చేపలకి ప్రమాదమేమీ కాదు. కానీ ప్రవాహం తక్కువ కాబట్టి ఇది తక్కువగా కనిపిస్తోందా అని ఆలోచిస్తున్నా. గాఢతని ప్రవాహంతో గుణిస్తేనే రోజుకి ఎన్ని గ్రాములు వెళ్తున్నాయో తెలిసేది.

పాదరసం నేను కొలవలేను, దానికి కావలసిన శుభ్రత ఇంట్లో కుదరదు. స్వీడన్ కొలతల ప్రకారం, కొత్తగా నీట మునిగిన నేల మీది మడుగుల దిగువన వేసవిలో పాదరసపు విషరూపమైన మిథైల్ మెర్క్యురీ ఎగువ కంటే 3.5 రెట్ల దాకా పెరిగింది. బీవర్లు వదిలేసి మళ్ళీ వచ్చి చేరిన పాత మడుగుల దగ్గర ఆ పెరుగుదల కనపడలేదు. మాది కొత్త మడుగు. ఇక్కడ చేపలు పట్టి తినే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి టెన్షన్ పడటం లేదు, కానీ మడుగు వయసు అనే కాలమ్ నా షీటులో కొత్తగా చేరింది.

వాసన పార్టీలో ఒకావిడ, కట్ట తీయించాలని వినతి రాస్తూ నా అంకెలు అడిగింది. అన్నీ ఇచ్చేశా, ఒడ్డు గొట్టాలవి కూడా. "ఇవి నాకు పనికిరావు, రెండు పక్షాలకీ సరిపోతున్నాయి" అంది. కట్ట తీసేస్తే ఆ బురదంతా, దానిలో ఫాస్ఫరస్‌తో సహా, ఒకే రోజున కిందికి పోతుందని మాత్రం చెప్పాను. గండి పడ్డ చెరువు కింద పొలం ఉన్నవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు, ఇక్కడ చెప్పాల్సి వచ్చింది. నీటిమట్టమే సమస్య అయితే కట్టలోంచి పైపు వేసి, మడుగులో ఉండే చివరకి పంజరం కట్టి మట్టం దించే పద్ధతి ఉంది. దానికి ఆవిడ ఒప్పుకునేలా ఉంది. నా అనుమానం వేరు: ఆ పైపు నోరు అడుగుకి దగ్గరగా పెడితే, ఊపిరి లేని నీళ్ళని, అమ్మోనియాతో సహా, తిన్నగా దిగువకి వదిలినట్టవుతుంది. పైపు పెట్టే లోతు గురించి వాళ్ళకి నా జులై అంకెలు పంపాను.

అక్టోబరు

మొదటి పెద్ద వాన. ఎగువ వాహకత ఒక్కసారిగా పెరిగి, తర్వాత పడిపోయింది. నెలల తరబడి రోడ్ల మీద పేరుకున్నదంతా మొదటి గంటల్లో కడుక్కుని వస్తుంది. టైర్లలోంచి వచ్చే 6పీపీడీ-క్వినోన్ అనే పదార్థం కోహో సాల్మన్‌ని చంపుతోందని 2020 చివర్లో వాషింగ్టన్ పరిశోధకులు బయటపెట్టింది ఇలాంటి వానల గురించే. దాన్ని కొలవడం నా వల్ల కాదు, దాని పేరు మీద బీవర్‌కి ఘనత కట్టబెట్టడమూ కుదరదు. వాహకత గీత మాత్రం మడుగు ఏం చేస్తుందో చూపించింది: ఎగువ నిటారుగా లేచిన శిఖరం, దిగువకి వచ్చేసరికి సగం ఎత్తుకి తగ్గి, కొన్ని గంటలు ఆలస్యంగా, వెడల్పుగా వచ్చింది.

ఆల్డర్ ఆకులు రాలుతున్నాయి. ఎగువ నైట్రేట్ 0.7 నుంచి 1.2కి ఎక్కింది. దిగువ 1.0. నీళ్ళు ఇంకా 11 డిగ్రీలు, బ్యాక్టీరియాకి కాస్త ఓపిక మిగిలి ఉంది. గాఢతలో తేడా ఆగస్టు కంటే చిన్నదే, కానీ ప్రవాహం ఎన్నో రెట్లు. గ్రాముల్లో చూస్తే రోజుకి పోతున్న నైట్రేట్ ఆగస్టుకంటే ఎక్కువే ఉండొచ్చు. ప్రవాహం కొలతలు ఇంకా నమ్మదగ్గట్టు లేవు, అందుకే "ఉండొచ్చు" దగ్గర ఆగుతున్నా.

ఇంకో పని తగిలింది. బీవర్లు ఎడమ వైపు కట్టని పొడిగించాయి. మట్టం జానెడు పెరిగింది. కుడి ఒడ్డు ఊట సన్నబడింది, ఎడమ వైపు ఫెర్న్ మొక్కల మధ్య కొత్తగా తడి కనిపిస్తోంది. అక్కడ గొట్టాలు లేవు. పీవీసీ ముక్కలు కోసి పెట్టా, జాలీ గుడ్డ ఆర్డరిచ్చా, అనుమతి మెయిల్‌కి జవాబు రావాలి. ఇనుము ఇంకా రంగు మారని నీళ్ళు అక్కడ మొదటి రోజు నుంచే పట్టుకోగలిగితే, ఎండు మట్టి ఊపిరి లేని మట్టిగా మారడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఈసారి ముందునుంచీ చూడొచ్చు.